మోటారు సైకిలుపై లడాఖు యాత్ర – దాని జమాఖర్చు

నేను 2023వ సంవత్సరమున మోటారు సైకిలుపై లడాఖునకు పోయివచ్చిన సంగతి విని, మన సంఘ సభ్యులు కొందఱు "ఎంత ఖర్చయినది? మేమును పోవచ్చునా?" అని కనబడినపుడెల్ల అడుగుచున్నారు. నోటిమాటగా చెప్పిన ప్రతిమాఱు ఖర్చు కొంత తగ్గించియే చెప్పుచున్నానని నాకే తోచినది. కావున చిట్టాపుస్తకము ముందుంచుకొని యిది వ్రాయుచున్నాను.

మా యూరు నిర్మలు సమీపమున 44వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన నున్నది. ఈ రోడ్డుపై ఉత్తరాది లారీలను చూచుచు పెరిగినవాడను. ఒకమాఱు దాని కొనవఱకు పోవలయునని చిన్ననాటి కోరిక. మా బావయు సరే యనెను. 350 సీసీ బండి నాది. గుడారము, రెండు పఱుపు సంచులు, పొయ్యి, ఐదేసి లీటర్ల పెట్రోలు డబ్బాలు రెండు కొంటిమి. మే 18వ తేదీన బయలుదేఱి మృగశిర కార్తెకు ముందునాడు, అనగా జూన్ 7వ తేదీకి, ఇల్లు చేరవలయునని నిర్ణయించుకొంటిమి. పత్తిగింజలు అప్పటికే కొని యింట నుంచితిని.

నాగపురము, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీల మీదుగా మనాలి చేరుటకు ఆఱు దినములు పట్టెను. ఎండకు జడిసి తెల్లవాఱుజామున నడచి, మధ్యాహ్నము ధాబాల వద్ద నులక మంచములపై పండుకొంటిమి. జాతీయ రహదారులపై మోటారు సైకిళ్లకు టోలు లేకుండుట మేలు. పెట్రోలు మనవైపు లీటరు 110 రూపాయలకు చేరువగా నుండగా ఢిల్లీలో 97 రూపాయల లోపున నుండెను. ఈ దారిలో గుడారము విప్పనే లేదు.

మనాలి దాటి తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగమున దూఱి ఆవలికి వచ్చునప్పటికి దేశమే మాఱినట్లుండెను. తాండి యను చోట చంద్ర, భాగ యను రెండు నదులు కలిసి చీనాబు నది యగుచున్నవి. అచ్చటి పెట్రోలు బంకు వద్ద, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరమున నున్నదని బోర్డు చూచితిమి. ఆ లాహౌలు ప్రాంతపు రైతులకు మంచు కారణముగ ఏటికి ఒక్కటే పంట. బఠాణీయు బంగాళాదుంపయు పండింతురు. దుంపలు అమ్ముకొనుటకు వారికి సహకార సంఘమున్నది. ఆ రాత్రి జిస్పాలో భాగానది యొడ్డున గుడారము వేసితిమి. యాత్రలో అంతటి మంచి రాత్రి మఱియొకటి లేదు.

మఱునాడు చేసిన తప్పు నాది. పదునాఱు వేల యడుగుల బారాలాచా కనుమ దాటి సర్చూ మైదానమున బస చేసితిమి. అది పదునాలుగు వేల యడుగుల యెత్తు. ముందునాటి బసకంటె మూడు వేలకు మించి యెక్కువ. రాత్రి బావకు తలనొప్పి, వాంతులు. తెల్లవాఱునప్పటికి మాట తడబడుచుండెను. సర్చూ రెండు కనుమల నడుమ నున్నది. క్రిందికి దిగవలయునన్నను ముందు పైకి ఎక్కక తప్పదు. అద్దె కారులో బావను కేలాంగునకు పంపి నేను బండిపై వెనుక పోతిని. దారి పొడవున మా అక్కకు ఏమని చెప్పుదునా యనియే ఆలోచన. వైద్యుడు ప్రాణవాయువు పెట్టి, పదివేల యడుగులు దాటిన పిమ్మట రాత్రి బస ఒక్కనాటికి పదునైదు వందల యడుగులకంటె పెంచరాదని మందలించెను. అది బయలుదేఱకముందే తెలిసికొనవలసిన మాట.

కేలాంగున నైదు దినములు గడచెను. బావ కోలుకొని "ఇంత దూరము వచ్చి మరలిపోవుటయా?" యనెను. నేనును కాదనలేదు. జూన్ 1వ తేదీన లేహ్ చేరితిమి.

అచ్చట సాలునకు వాన పది సెంటీమీటర్లు మాత్రమే. మంచు కరగిన నీరు కాలువలలో తెచ్చి యవలు పండింతురు. నీరు వంతులవారీగా పంచుటకు గ్రామస్థులు ఛుర్పోను అను నతనిని నియమింతురు. మన చెఱువుల నీరటి వంటివాడు. అతడు మడవ తీయుచుండగా గట్టుపై కూర్చుండి గంటసేపు చూచితిని. మన నీరటులను మనమే పోగొట్టుకొంటిమి గదా యనిపించెను. అదే సమయమున నా చేను ఎవరు చూచుచున్నారని మాత్రము తోచలేదు.

ఇతర రాష్ట్రముల ప్రీపెయిడు ఫోనులు లడాఖులో పనిచేయవు. జూన్ 2వ తేదీన విడిది యజమాని ఫోనుతో తమ్మునితో నొకమాఱు మాటలాడితిని. అటుపై పాంగోంగు సరస్సు చూడవలయునని మఱి రెండు దినములు నిలిచితిమి. ఈ రెండు దినములు బావ జబ్బు వలన పోయినవి కావు, నా యాశ వలన పోయినవి.

జూన్ 4వ తేదీన మా యూర నొక జల్లు కురిసినది. ఊరంతయు విత్తుచున్నారు. తమ్ముడు నాకు ఫోను చేసినాడు, పోలేదు. మఱునాడు మూడెకరముల నల్లరేగడిలో విత్తనము వేసినాడు. అట్టి నేలలో 60 మొదలు 75 మిల్లీమీటర్ల వాన పడినగాని పత్తి విత్తరాదు. ఆ యేడు ఋతుపవనము కేరళమునకే జూన్ 8వ తేదీన వచ్చినది; ఆర్ద్ర ప్రవేశించువఱకు మాకు వాన లేదు. 15వ తేదీన నేను ఇల్లు చేరునప్పటికి సగము గింజ మొలవలేదు, మొలచినది మాడిపోయినది. "నిన్నడిగి వేయుదమనుకొంటిని, అన్నా" యని తమ్ముడనెను. నేనున్నను ఊరంతయు విత్తుచుండగా ఆపియుందునా? రూఢిగా చెప్పలేను.

ఇక లెక్క. మొత్తము నడచినది 5,120 కిలోమీటర్లు. పెట్రోలు 16,000 రూపాయలు, బండి మరమ్మతు, వెనుక టైరు, గొలుసు 8,400, గుడారము మొదలగు సామగ్రి 9,600, భోజనము, తేనీరు 13,100, బసలు 9,200, అద్దె కారు, వైద్యము 9,700. వెరసి 66,000, బావ సగమిచ్చెను. గుడారము తొమ్మిది రాత్రులు మాత్రమే వేసితిమి. ఆ వెలకు తొమ్మిది రాత్రులు గదులలోనే యుండవచ్చును.

చిట్టాలో లేనిది వేఱు. ఆఱు పొట్లముల పత్తిగింజలు, పొట్లము 853 చొప్పున 5,118. మరల అచ్చు తోలుటకు, కూలీలకు 3,900. నా వంతు 33,000లో 20,000 మన సంఘమునుండి పంటకై తెచ్చిన ఋణములోనిదే. కావున రెండవమాఱు విత్తుటకు చేత సొమ్ము లేక, ఒక వ్యాపారి వద్ద 9,000 నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, ఆఱు మాసములకు 1,080 వడ్డీ కట్టితిని. ఈ సంగతి నేటివఱకు సంఘమున నెవ్వరికిని చెప్పలేదు.

గుడారమిప్పుడు మా మొక్కజొన్న చేని గట్టున నున్నది. అడవిపందుల కావలికి తమ్ముడందులో పండుకొనుచున్నాడు. వచ్చు వేసవిని బండి తనకిమ్మనియు, మృగశిరకు పది దినములు ముందే తిరిగి వత్తుననియు అడిగినాడు. తాళము ఇంకను నా యొద్దనే యున్నది.