పళ్లెములోని అన్నము, కాళ్లకు నడక

మన పెద్దలు ఓడలెక్కి మలయా తోటలకు వచ్చిన దినములలో ఆ దేశమున బెరిబెరి యను రోగము వేలకొలది జనులను చంపుచుండెను. కాళ్లు తిమ్మిరెక్కి ఉబ్బును, నడక తప్పును, తుదకు గుండె ఆగిపోవును. తగరపు గనులలోని చీనా కూలీలు దానికి మిక్కిలి బలియైరి. తోటలలోని భారతీయ కూలీలకు మాత్రము అది అరుదుగా వచ్చెను. ఇట్టి భేదమునకు కారణమేమి?

1905వ సంవత్సరాంతమున కౌలాలంపూరులోని పిచ్చివారి ఆసుపత్రియందు ఫ్లెచ్చరను వైద్యుడు రోగులను రెండు వరుసలుగా విభజించెను. ఒక వరుసకు మరలో తెల్లగా చేసిన పచ్చిబియ్యపు అన్నమును, రెండవదానికి ఉప్పుడు బియ్యపు అన్నమును పెట్టించెను. ఇంటి దోషమేమోయని నడుమ వారి నివాసములను కూడ మార్పించెను. అయినను పచ్చిబియ్యము తిన్నవారిలోనే రోగము వ్యాపించి 18 మంది మృతినొందిరి. రెండవ వరుసలో ఒక్కరును దానిచే చావలేదు.

వడ్లను నానబెట్టి, ఆవిరిపట్టి, ఆరబెట్టినచో తవుడులోని సత్తువ గింజలోనికి దిగును. పచ్చివడ్లను మరలో తెల్లగా చేసినచో అది తవుడుతోనే పోవును. ఆ సత్తువయే బి1 విటమిను. మన పూర్వుల సర్కారు జిల్లాలలోను బెరిబెరి యుండుటకు ఇదియే హేతువు. బియ్యపు తెలుపు కంటికి ఇంపే గాని దేహమునకు బలము కాదు.

బెరిబెరి నేడు అరుదైనది. దాని స్థానమున మధుమేహము మన యిండ్లలో ప్రవేశించినది. 2023వ సంవత్సరపు ఆరోగ్య పరిశీలనలో మలేషియా వయోజనులలో నూటికి 15.6 మందికి ఇది కలదని తేలెను. 2019వ సంవత్సరపు పరిశీలనలో మలయ, చీనా జాతులవారికంటె భారత సంతతివారిలోనే ఇది ఎక్కువగా కనబడెను. అశ్రద్ధ చేసినచో ఇది కన్నులను, మూత్రపిండములను, పాదములను చెరచును.

తోటలో పగలంతయు నడచి, గెలలు మోసినవానికి నిండు పళ్లెము తగియుండెను. అతని కుమారుడు నేడు పట్టణమున కావలిపని చేయుచు కుర్చీలో కూర్చుండును; లేదా లారీ నడుపును. పని మారెను గాని పళ్లెము మారలేదు. దానిపై తీపి డబ్బాపాలు పోసిన తేనీరు దినమునకు నాలుగుసార్లు! చిక్కు ఇచ్చటనే యున్నది.

కావున తల్లులారా, పళ్లెములో సగము కూరగాయలును ఆకుకూరలును ఉండనిండు. పావువంతు అన్నము, పావువంతు పప్పు లేక చేప చాలును. మునగాకు పెరటిలోనే పెరుగును; నెత్తళ్లు చౌకగా దొరకును. తేనీటిలో తీపిని వారమువారము కొంచెము తగ్గించుడు; నాలుక అలవాటుపడును. ఉప్పు మనిషికి దినమునకు 5 గ్రాములు మించరాదు.

తండ్రులారా, కూర్చుండి పనిచేయువారు వారమునకు 150 నిమిషములు, అనగా ఐదు దినములు అరగంట చొప్పున, చురుకుగా నడువవలెను. దీనికి కాసు ఖర్చు లేదు. ఇల్లాలిని, పిల్లలను వెంటబెట్టుకొని పోవుట మరియు మంచిది. తోటలో బరువు మోయువారికి వేరు వ్యాయామమక్కరలేదు. ఎండలో నీరును, రాత్రి విశ్రాంతియు వారికి ముఖ్యము.

చక్కెర మందు పుచ్చుకొనువారు వైద్యుని అడుగక భోజనమును ఒక్కసారిగా తగ్గింపరాదు. తక్కినవారు నలుబది యేండ్లు రాకమునుపే రక్తపరీక్ష చేయించుకొనుట యుక్తము. ఈ రోగము చిరకాలము మౌనముగా నుండును.

పిల్లలు మన మాటకంటె మన పళ్లెమునే ముందుగా చూచి నేర్చుకొందురు.