మంచం కింద కొత్త చుట్టం

బుట్ట మూత తీయగానే ఒక్క దూకు. ఆ తరవాత కనపడితే ఒట్టు! ఇంటిల్లిపాదీ టార్చిలైటు పట్టుకుని వెతగ్గా వెతగ్గా దివాన్ కాట్ కిందో, బీరువా వెనకో, ఫ్రిజ్ సందులోనో రెండు కళ్లు మెరుస్తాయి. పిల్లలు 'రా రా' అని బతిమాలతారు. బామ్మగారు గిన్నెలో పాలు పోసి ముందుకు తోస్తారు. ఇంటాయన చెయ్యి లోపలికి పెట్టి లాగబోతారు. బుస్సుమంటూ ఓ పంజా దెబ్బ! దాంతో 'అబ్బే, ఇది మనకు అలవాటు కాదు' అని తీర్పు వెలువడిపోతుంది.

పెద్దపిల్లిని తెచ్చుకున్న ఇళ్లలో మొదటిరోజు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. తీర్పు తొందరపాటుదే అయినా, శిక్ష మాత్రం పిల్లికే. ఇంట్లో ఇమడని పిల్లిని ఏం చేస్తారో మన ఊళ్లలో తెలియనిదెవరికి... గోనెసంచిలో వేసి కాలవ అవతల వదిలేసి రావడమే. విజయవాడలో కాలవలకు కొదవా! ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ... మూడూ జనం మధ్య నుంచే పోతాయి. అవతలి గట్టున దిగిన పిల్లికి తిండి ఎక్కడ దొరుకుతుందో, ఏ కుక్కలు ఎటు నుంచి వస్తాయో తెలియదు. ఇళ్లలో పెరిగిన పిల్లికి అది బతుకుతెరువు కాదు, దాదాపు మరణశిక్ష.

నిజానికి అది అడిగింది చాలా తక్కువ. ఓ గది, ఓ అట్టపెట్టె, రెండు మూడు వారాల గడువు.

గరిసె కాపలా నుంచి గడప లోపలికి

కృష్ణా డెల్టాకు పిల్లి కొత్త కాదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతటా వరి విస్తరించింది. ధాన్యం ఉన్నచోట ఎలుకా, పందికొక్కూ ఉంటాయి. అవి ఉన్నచోటికి పిల్లి పిలవకుండానే వస్తుంది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్లనాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చిన ఆనవాళ్లు దొరికాయని శాస్త్రవేత్తలు 2004లో ప్రకటించారు. తొలి రైతుల కాలం నుంచీ పిల్లి ఉద్యోగం ధాన్యం కాపలాయే. మన పల్లెల్లోనూ అంతే... గరిసె చుట్టూ తిరిగేది, దొరికింది తినేది. దానికో పేరుండేది కాదు. పైగా ఎదురొస్తే అపశకునమని ఓ తిట్టు!

ఇప్పుడు గరిసెలు లేవు, అపార్ట్‌మెంట్లున్నాయి. పిల్లి ఉద్యోగి హోదా నుంచి కుటుంబసభ్యుల జాబితాలోకి చేరింది. అయితే అందరూ కోరేది పిల్లికూననే. రెండు మూడేళ్ల పిల్లి అంటే 'పెద్దదైపోయింది, ఇంకేం మాలిమి అవుతుంది' అనేస్తారు. ఇందులో నిజం సగమే. కూన ఎలా తయారవుతుందో ఎవరూ చెప్పలేరు. పెద్దపిల్లి స్వభావం అప్పటికే తెలిసిపోతుంది. పరదాలెక్కే వయసు దాటిపోయి ఉంటుంది. దానికి కావలసిందల్లా కాస్త ఎక్కువ ఓపిక, అంతే.

మనిషి కాదు, చిరునామా

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచెత్తింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట లాంటి చోట్ల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. జనం పడవలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అంత ప్రళయంలో పిల్లికి పోయేది అన్నం పెట్టే చెయ్యి ఒక్కటే కాదు... మొత్తం చిరునామా. దాని లోకం అంతా వాసనలతో గీసుకున్న పటం. గుమ్మానికీ, బల్ల కాలికీ, గోడ మూలకూ బుగ్గలు రుద్ది 'ఇది నాది' అని గుర్తు పెట్టుకుంటుంది. బురదనీరు కడిగేసిన ఇంటికి తిరిగొచ్చినా దానికది కొత్త ఇల్లే.

వరద దాకా ఎందుకు? యజమాని బదిలీ మీద వెళ్లిపోయినా, ముసలావిడ కాలం చేసినా, ఆ ఇంటి పిల్లి మరో ఇంటికి చేరినప్పుడు జరిగేది ఇదే. కొత్త ఇంట్లో ఒక్క వాసన కూడా తనది కాదు. అందుకే దాక్కుంటుంది. అది పొగరూ కాదు, కృతఘ్నతా కాదు.

ముందు ఒకే గది

ఇల్లంతా దానిదే అనుకోమని వదిలేయడం మర్యాదగా కనిపిస్తుంది గానీ, పిల్లికి అదో నరకం. కాలు కాలిన పిల్లి అన్న మాట ఊరికే పుట్టలేదు. జనసంచారం తక్కువ ఉన్న ఒక గదిలో పెట్టి తలుపు మూయాలి. ఓ మూల నీళ్లూ తిండీ, వాటికి దూరంగా మరో మూల ఇసుక తొట్టి. బజార్లో దొరికే ప్రత్యేకమైన ఇసుక లేకపోతే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో నాలుగంగుళాల పొడి ఇసుక పోసినా పిల్లి అర్థం చేసుకుంటుంది. తిండిగిన్నె పక్కనే తొట్టి పెడితే మాత్రం ముక్కు చిట్లిస్తుంది. న్యాయమే కదా!

ఇక అతి ముఖ్యమైన సామగ్రి... టీవీయో మిక్సీయో వచ్చిన అట్టపెట్టె. ఓ పక్క కన్నం చేసి, లోపల పాతచీర పరిచి గది మూల పెట్టాలి. ఇది ముచ్చట కాదు, మందు. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయం వారు ఆశ్రయ కేంద్రానికి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నింటికి దాక్కునే పెట్టెలిచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా చూశారు. 2014లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం పెట్టె దొరికిన పిల్లులు మూడు నాలుగు రోజుల్లోనే కుదుటపడ్డాయి. లేనివి వాటిని అందుకోవడానికి రెండు వారాల దాకా పట్టింది. ఎంచక్కా దాక్కోనిస్తే తొందరగా బయటికొస్తుందన్నమాట.

పాత ఇంటి నుంచి అది పడుకున్న గుడ్డ ఒకటి అడిగి తెచ్చుకుంటే మరీ మంచిది. దాన్ని ఉతక్కూడదు. శుభ్రత పేరుతో గదంతా ఫినాయిల్ కొట్టడం అసలే వద్దు. ఫినాల్ ఉన్న క్రిమిసంహారకాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. నేల మీద పడిన మందు పాదాలకంటి, పాదాలు నాకినప్పుడు కడుపులోకి పోతుంది. 'ఒళ్లు వెచ్చగా ఉంది' అని పారాసిటమాల్ ముక్క వేసేవాళ్లూ ఉన్నారు. పిల్లికి అది విషం. సగం మాత్ర చాలు ప్రాణం తీయడానికి.

పెరుగన్నం చాలదా?

మొదటిరోజు తినకపోతే కంగారు పడనక్కర్లేదు. చాలా పిల్లులు ఇల్లు సద్దుమణిగాక అర్ధరాత్రి లేచి గిన్నె ఖాళీ చేస్తాయి. కానీ రెండోరోజు కూడా ముట్టకపోతే మాత్రం ఉపేక్షించకూడదు. పిల్లి వరసగా కొన్నిరోజులు పస్తుంటే ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరి అది పాడైపోతుంది. బొద్దుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. 'ఆకలేస్తే అదే తింటుంది' అనే పాత సూత్రం ఇక్కడ పనికిరాదు. వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

పాత ఇంట్లో ఏం తినేదో కనుక్కుని, కనీసం ఓ వారం అదే పెట్టాలి. తరవాత కొద్దికొద్దిగా మార్చవచ్చు. మన ఇళ్లలో పిల్లికి పెరుగన్నం, పాలు ఆనవాయితీ. పెద్దపిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. పెరుగన్నం కడుపు నింపుతుందే గానీ, పిల్లి శరీరానికి కావలసిన టారిన్ అనే పోషకం అందులో దాదాపు లేనట్టే. అది కరవైతే చూపు పోతుందని 1975లోనే శాస్త్రవేత్తలు తేల్చారు. గుండె కూడా దెబ్బతింటుంది. కాబట్టి మాంసాహారం ముట్టని ఇళ్లవారు పిల్లిని తెచ్చుకునే ముందే ఓ నిర్ణయానికి రావాలి. కనీసం పిల్లుల కోసం తయారుచేసిన ఆహారమైనా కొనిపెట్టడానికి సిద్ధపడాలి. తినేవాళ్ల ఇంట చేపముక్క ఎటూ ఉంటుంది. అయితే ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముల్లు తీసి పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసు పోయకూడదు. అవి పిల్లి రక్తకణాలను విరిచేస్తాయి.

కళ్లతో పలకరింపు

మచ్చిక చేసుకోవాలంటే మొదటి పని, మచ్చిక చేసుకునే ప్రయత్నం మానడం! రోజూ ఓ అరగంట ఆ గదిలో నేల మీద కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకుంటే చాలు. పత్రిక చదువుకోవచ్చు. ధైర్యం వచ్చాక సరిగ్గా చదివే పేజీ మీదే వచ్చి కూర్చుంటుంది, అది వేరే సంగతి. కళ్లలోకి తేరిపార చూడటం పిల్లి భాషలో బెదిరింపు. నెమ్మదిగా కళ్లు మూసి తెరవడం పలకరింపు. ఇంగ్లండ్‌లోని ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల వారు 2020లో దీన్ని పరీక్షించి చూశారు. అలా కళ్లార్పిన మనిషికి పిల్లులూ అలాగే బదులిచ్చాయి. కొత్తవాళ్లయినా సరే దగ్గరికి వచ్చాయి.

పేరు మార్చాలన్న సరదా కూడా కొన్నాళ్లు ఆపుకోవడం మేలు. ఇంటి పిల్లులు మిగతా మాటల్లోంచి తమ పేరును వేరుచేసి గుర్తుపడతాయని జపాన్ పరిశోధకులు 2019లో రుజువు చేశారు. ఇల్లు మారి, మనుషులు మారి, తిండి మారిన జీవికి మిగిలిన పాత ఆస్తి ఆ పేరొక్కటే!

ఈలోగా పంజా విసిరి రక్తం చూపిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, డాక్టరును కలవాలి. రేబిస్ కుక్కతోనే వస్తుందనుకోవడం పొరపాటు. తెచ్చిన వారంలోపే పిల్లికి కూడా టీకాలు, నులిపురుగుల మందు గురించి పశువైద్యుణ్ని అడగాలి. ఊళ్లో క్లినిక్‌లు సరే, గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల కూడా ఉంది. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స విషయం అప్పుడే తేల్చుకోవాలి. పిల్లి గర్భం తొమ్మిది వారాలే. ఆడపిల్లిని ఒక్కదాన్నే తెచ్చామనుకుంటే రెండు నెలలు తిరక్కుండా అయిదు కావచ్చు.

గర్భిణులున్న ఇంట్లో పిల్లి ఉండకూడదంటారు. దాన్ని వెళ్లగొట్టనక్కర్లేదు గానీ తొట్టి శుభ్రం చేసే పని మరొకరు తీసుకోవాలి. అదీ రోజూ చేయాలి. టాక్సోప్లాస్మా క్రిమి మలంలో పడ్డాక అంటుకునే దశకు రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. రోజూ తీసేస్తే ఆ అవకాశమే ఉండదు. పచ్చిమాంసం పెట్టకపోతే ఇంకా నిశ్చింత.

తలుపు తీసి ఉంచితే...

మొదటి నెలలో అసలు గండం ఇది. పాలవాడికి తీసిన తలుపు, ఉక్కకు తీసిన కిటికీ, వల లేని బాల్కనీ... ఒక్కటి చాలు. దీపావళికి ముందు వారంలో పిల్లిని తేకపోవడమే మంచిది. టపాసుల మోతకు పాత పిల్లులే పారిపోతాయి.

అయినా తప్పిపోతే? ఊరంతా తిరగక్కర్లేదు. తప్పిపోయిన పిల్లుల మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, దొరికినవాటిలో ముప్పాతిక వంతు తప్పిపోయిన చోటికి అరకిలోమీటరు లోపే దొరికాయి. కాబట్టి మెట్ల కింద, మోటారు గదిలో, కార్ల అడుగున, పక్కవాళ్ల స్టోర్‌రూములో వెతకాలి. రాత్రి జనం సద్దుమణిగాక టార్చితో, అలవాటైన తిండిగిన్నె చప్పుడు చేస్తూ వెళ్లాలి. దాక్కున్న పిల్లి పిలిస్తే పలకదు. కళ్లు మాత్రం వెలుగుకు మెరుస్తాయి.

ఇంట్లో అప్పటికే మరో పిల్లి ఉంటే తొందర అసలే పనికిరాదు. ముందు ఒకదాని గుడ్డ మరొకదాని దగ్గర వేసి వాసనలు మార్చాలి. తరవాత మూసిన తలుపుకు చెరోపక్క తిండి పెట్టాలి. గుర్రుమనడం ఆగాకే తలుపు ఓరగా తెరవాలి. దీనికి వారం పట్టవచ్చు, రెండు నెలలూ పట్టవచ్చు.

గుమ్మానికి బుగ్గ రుద్దుతోందంటే రెండో గది తెరవవచ్చు. ఆ తరవాత హాలు, ఆ తరవాత వంటిల్లు. మొదటి గదిలోని అట్టపెట్టెను మాత్రం అప్పుడే పాతసామాన్లవాడికి వేసేయకండి. ఇంటికి చుట్టాలొచ్చిన రోజున, పక్కింట్లో పెళ్లి బాజాలు మోగిన రోజున మళ్లీ అందులోకే వెళ్లి పడుకుంటుంది.