షమీని ఎందుకు వదులుకున్నారు? పేసర్ ట్రేడ్ వాల్యూ లెక్కకట్టడం ఎలా

పటాన్‌చెరు నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. పోయిన వీడియో కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "బ్రో, 10 కోట్లు పెట్టి కొన్న షమీని సన్‌రైజర్స్ ఒక్క సీజన్‌కే లక్నోకి ఇచ్చేసింది. లాభమా, నష్టమా?" ఒక్క మాటలో చెప్పొచ్చు. కానీ ఆ మాట ఎలా వచ్చిందో తెలిస్తే, రేపు ఇంకో ట్రేడ్ జరిగినప్పుడు మీరే లెక్కేసుకుంటారు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు రూల్ చూద్దాం. 2025 నవంబర్ 15న ట్రేడ్లు ప్రకటించారు. షమీ అదే 10 కోట్లకు లక్నో వెళ్లాడు. బదులుగా మనకు ప్లేయర్ రాలేదు. అంటే "ఊరికే ఇచ్చేశారు" అనిపిస్తుంది కదా? కాదు. అతని జీతం ఇక లక్నో పర్సులోంచి పోతుంది, మన పర్సులో 10 కోట్లు ఖాళీ అవుతాయి. డిసెంబర్ వేలంలో లివింగ్‌స్టన్‌ను 13 కోట్లకు కొన్నారంటే, అందులో పెద్ద భాగం ఈ డబ్బే అనుకోవచ్చు.

"మరి రిలీజ్ చేసినా 10 కోట్లు వస్తాయి కదా, ట్రేడ్ ఎందుకు?" అని మీరడుగుతారు. రిలీజ్ చేస్తే అతను వేలంలోకి వెళ్తాడు, ఎవరైనా కొనుక్కోవచ్చు. ట్రేడ్‌లో అయితే లక్నోకి వేలం టెన్షన్ లేదు. ఆ నిశ్చింతకు ప్రతిఫలంగా జట్ల మధ్య ట్రాన్స్‌ఫర్ ఫీజు ఉండొచ్చు. అది పర్సులో లెక్కకు రాదు.

ఇప్పుడు అసలు పాయింట్. ఈ లెక్కలో మనకంటే చాలా ముందున్నది అమెరికా బేస్‌బాల్. అక్కడ స్టార్టింగ్ పిచ్చర్ అంటే మ్యాచ్ మొదలుపెట్టే బౌలర్ అనుకోండి. మామూలుగా ఐదుగురు ఉంటారు, వంతులవారీగా వేస్తారు. వాళ్లను ఇచ్చిపుచ్చుకునేటప్పుడు అడిగేది "ఎంత మంచోడు?" అని మాత్రమే కాదు. "వాడిచ్చే పని విలువలోంచి వాడి జీతం తీసేస్తే ఎంత మిగులుతుంది? ఆ మిగులు ఎన్నేళ్లు వస్తుంది?" అని.

మన ఇంట్లో బండి కొన్నట్టే. షోరూం ధర ఒకటి, మైలేజీ ఒకటి, ఇంకెన్నేళ్లు నడుస్తుందనేది ఇంకొకటి. మూడూ కలిస్తేనే బేరం.

2018 జులై 31న టాంపా బే రేస్ జట్టు, పేరున్న పిచ్చర్ క్రిస్ ఆర్చర్‌ను పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కు ఇచ్చింది. బదులుగా టైలర్ గ్లాస్నో, ఆస్టిన్ మెడోస్, షేన్ బాజ్ అనే ముగ్గురు కుర్రాళ్లను తీసుకుంది. ఆ రోజు పెద్ద పేరు ఆర్చర్‌దే. తర్వాత ఆర్చర్ గాయాలతో తగ్గిపోయాడు, గ్లాస్నో పెద్ద పిచ్చర్ అయ్యాడు. టాంపా పేరు అమ్మి, రాబోయే ఏళ్లను కొనుక్కుంది.

ఇదే అద్దం పెట్టి మన బౌలర్లను చూద్దాం. నాలుగు ప్రశ్నలు.

ఒకటి: జీతానికి తగ్గ పని జరుగుతోందా?

2025 సీజన్‌లో షమీ 9 మ్యాచుల్లో 6 వికెట్లు తీశాడు. వికెట్‌కి కోటీ 67 లక్షలు. హర్షల్ పటేల్ 8 కోట్లకు 16 వికెట్లు, అంటే 50 లక్షలు. కమిన్స్ 18 కోట్లకు 16 వికెట్లు, కోటీ 12 లక్షల పైన. శ్రీలంక కుర్రాడు ఇషాన్ మలింగ కోటీ 20 లక్షలకు 13 వికెట్లు, అంటే 9 లక్షల చిల్లర.

ఈ లెక్క చూడ్డానికి బాగుంటుంది, కానీ దీంతోనే ఆగితే మోసపోతాం. కమిన్స్ జీతంలో కెప్టెన్సీ ఉంది. కొత్త బంతితో ఓపెనర్‌ను తీయడమూ, 19వ ఓవర్లో గాల్లోకి లేపినవాణ్ని తీయడమూ ఒకటి కాదు. అందుకే రెండో ప్రశ్న.

రెండు: ఆ అంకెలు ఎక్కడివి?

షమీ ఎకానమీ 11.23. భయంకరంగా ఉంది కదా? విప్పి చూద్దాం. మొత్తం 30 ఓవర్లు, 337 పరుగులు. అందులో ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద 4 ఓవర్లకు 75. అప్పటికి ఐపీఎల్‌లో ఒక భారత బౌలర్ ఇచ్చిన అత్యధిక పరుగులు. ఆ ఒక్క మ్యాచ్ పక్కన పెడితే 26 ఓవర్లకు 262, అంటే ఓవర్‌కి 10 పైచిలుకు. గొప్పగా లేదు, కానీ 11.23 చెప్పే కథ ఇది కాదు.

ఇంకోటి. మార్చి 23న అదే ఉప్పల్‌లో జోఫ్రా ఆర్చర్ 4 ఓవర్లకు 76 ఇచ్చాడు. మూడు వారాల్లో ఒకే గ్రౌండ్‌లో రెండు రికార్డు దెబ్బలు. ఇక్కడ పిచ్ ఫ్లాట్ అని మనకు తెలుసు. బేస్‌బాల్‌లో దీనికి 'పార్క్ ఫ్యాక్టర్' అని పేరే ఉంది. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సముద్ర మట్టానికి సుమారు మైలు ఎత్తులో ఉంటుంది. పల్చటి గాలిలో బంతి దూరం పోతుంది. అక్కడ ఆడే పిచ్చర్ అంకెల్ని సరిచేశాకే పక్కవాళ్లతో పోలుస్తారు.

మూడు: ఒళ్లు ఎంతవరకు సహకరిస్తుంది?

ట్రేడ్ నాటికి షమీకి 35 ఏళ్లు. 2023లో గుజరాత్‌కు 28 వికెట్లు తీసి పర్పుల్ క్యాప్ గెలిచాడు. 2024 ఐపీఎల్ మొత్తం మడమ సర్జరీతో పోయింది. మన మాజీ ఆటగాడు నటరాజన్‌ను చూడండి. ఢిల్లీ 10.75 కోట్లకు కొంటే 2025లో ఆడింది రెండే మ్యాచులు. అదే వేలంలో అదే 10.75 కోట్లకు భువనేశ్వర్‌ను కొన్న బెంగళూరుకు అతను 17 వికెట్లు తీసి కప్పులో భాగమయ్యాడు. ధర ఒకటే, వయసులో భువీయే ఏడాది పెద్ద. ఫాస్ట్ బౌలర్‌ను కొనడమంటే గాయం రిస్కును కూడా కొనడమే.

నాలుగు: ఎన్నేళ్లు మన దగ్గర ఉంటాడు, ఎదుటివాడికి ఎంత అవసరం?

ఈ సైకిల్ 2027 వరకు. కాబట్టి మలింగ అదే కోటీ 20 లక్షలకు 2025 తర్వాత ఇంకో రెండు సీజన్లు దొరుకుతాడు. ట్రేడ్ నాటికి వయసు 24. నా లెక్కలో సన్‌రైజర్స్ పేసర్లలో ట్రేడ్ వాల్యూ ఎక్కువ ఉన్నది కమిన్స్‌కి కాదు, ఇతనికే. ఆటలో కమిన్స్ పెద్దోడే, అందులో డౌట్ లేదు. కానీ 18 కోట్ల జీతం తీసేశాక మిగిలేది తక్కువ.

లక్నో వైపు చూస్తే, 2025లో మయాంక్ యాదవ్, మొహ్‌సిన్ ఖాన్ గాయాలతో దెబ్బతిన్నారు. శార్దూల్‌ను ముంబైకి ఇచ్చేశారు. తుది జట్టులో విదేశీయులు నలుగురే, కాబట్టి అనుభవమున్న భారత పేసర్‌కు ఎప్పుడూ గిరాకీ. పైగా టీమిండియాలో షమీకి కోచింగ్ ఇచ్చిన భరత్ అరుణ్ ఇప్పుడు లక్నో బౌలింగ్ కోచ్. షమీ అక్టోబర్‌లో బెంగాల్ తరఫున మొదటి రెండు రంజీ మ్యాచుల్లోనే 15 వికెట్లు తీశాడు. ఒళ్లు బాగుందని అక్కడ తెలిసింది.

కాబట్టి నా జవాబు: 10 కోట్ల జీతం దగ్గర షమీ మిగులు మనకు సున్నాకు దగ్గర, లక్నోకి కొంచెం ప్లస్. ఇద్దరికీ నష్టం లేని బేరం.

ఇక్కడితో వీడియో ఆపేయొచ్చు. కానీ ఒక విషయం చెప్పకపోతే ఈ లెక్క సగమే.

రెండేళ్ల కింద మా ఏరియాలో ఆదివారం కార్క్ బాల్ లీగ్ ఆడేవాళ్లం. సీజన్ మధ్యలో ఒక్క ప్లేయర్‌ను మార్చుకోవచ్చు. మా టీం ఎక్సెల్ షీట్ నా చేతిలోనే. మా ఎడమచేతి బౌలర్ మూడు మ్యాచుల్లో 10 ఓవర్లకు 112 ఇచ్చాడు. వాణ్ని ఇచ్చి ఒక బ్యాటర్‌ను తెచ్చాను. వాట్సాప్ గ్రూపులో పేర్లు మార్చి పెట్టాను, అంతే. ముందు వాడికి ఫోన్ చేయలేదు.

వాడు పాశమైలారంలో ఒక ఫార్మా కంపెనీలో పనిచేస్తాడు. ఆ మూడు ఆదివారాలూ నైట్ షిఫ్ట్ దిగి, బస్సు దిగి, నిద్రపోకుండా నేరుగా గ్రౌండ్‌కు వచ్చాడు. నా షీట్‌లో పరుగుల కాలమ్ ఉంది, షిఫ్ట్ కాలమ్ లేదు. వారం తర్వాత కలిస్తే ఒకటే అన్నాడు: "అడిగితే చెప్పేటోణ్ణి కదన్నా." కొత్త టీంకి ఆడలేదు. లీగే మానేశాడు.

నాకు బాగా తగిలింది ఎందుకంటే, అంతకు కొన్ని నెలల ముందే నన్ను కూడా ఒక ప్రాజెక్ట్ నుంచి 'రిలీజ్' చేశారు. అదే మాట వాడారు. ఒక మెయిల్, కింద రెండు లైన్లు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదని మూడు రోజులు మండిపోయాను. మళ్లీ నేనూ అదే పని చేశాను.

ఐపీఎల్‌లో ప్లేయర్ ఒప్పుకోకపోతే ట్రేడ్ జరగదు. బేస్‌బాల్‌లో అలా కాదు. పదేళ్లు ఆడి, చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాడికో, కాంట్రాక్టులో రాయించుకున్నవాడికో తప్ప, కాదనే హక్కు ఉండదు. నేనైతే ఈ ఒక్క విషయంలో మన రూలే మేలంటాను. అది మర్యాద కోసమే కాదు. ఆ మనిషిని అడిగితే షీట్‌లో లేని కాలమ్ బయటపడుతుంది. భుజం నొప్పో, నైట్ షిఫ్టో, ఇంట్లో సమస్యో. లెక్క కూడా అప్పుడే సరిగ్గా వస్తుంది.

కాబట్టి నా నాలుగు ప్రశ్నలకు ఐదోది కలుపుకోండి: వాణ్ని అడిగామా?

మీ హోంవర్క్: హర్షల్ పటేల్, 8 కోట్లు, 16 వికెట్లు, 2027 వరకు. ఉంచుతారా, ఇస్తారా? ఇస్తే ఎవరికి, ఎందుకు? కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో మంచి జవాబులు చదువుతా. మా ఎడమచేతి బౌలర్ కూడా ఈ వీడియోలు చూస్తాడని విన్నా. తమ్మీ, ఆదివారం ఖాళీ ఉంటే గ్రౌండ్‌కు రా. నైట్ షిఫ్ట్ లేకపోతేనే.