విత్తనపు గింజలు

కోడిపందెమున ఓడిన బ్రహ్మనాయుడు తనవారితో మాచెర్ల విడిచి, యేడేండ్లు వలసపోయిన కథ పల్నాట తెలియనివారుండరు. రేపటిని నేడే ఒడ్డుట యెట్టిదో ఆ కథ చెప్పును. హాకీ జట్లకును ఆ చిక్కు కలదు.

అమెరికా, కెనడాల మంచు హాకీలో జట్లు యువ క్రీడాకారులను వంతులవారీగా ఎంచుకొనును. వెనుకబడిన జట్టునకు ముందువంతు దక్కు అవకాశము హెచ్చు. ఆ వంతును మరొక జట్టునకిచ్చి, ఆరితేరిన ఆటగానిని తెచ్చుకొనవచ్చును.

మన హాకీ ఇండియా లీగున వంతులకు బదులు వేలము. 2024 అక్టోబరులో పురుషుల జట్టొక్కింటికి 4 కోట్ల రూపాయల పరిమితి; 24 మంది; అందు 8 మంది విదేశీయులు, కనీసము నలుగురు జూనియర్లు. హైదరాబాదు తూఫాన్సు 68 లక్షలు, అనగా ఆరవ వంతునకు పైగా, గొంజాలో పేయాట్ ఒక్కనికే వెచ్చించెను. 2025 ఫిబ్రవరి 1న అంతిమ పోటీలో బెంగాల్ జట్టు చేత 3-4 గోల్సుతో ఓడెను.

ఒక్క గోలు కొరత గల జట్టు రేపటి వంతునిచ్చి నేటి ఆటగానిని కొనుట తప్పు కాదని మా అభిప్రాయము. ఇంకను మొలకెత్తుచున్న జట్టు మాత్రము యువకులను వదలుకొనరాదు. నరసరావుపేట రైతు పంట నమ్మును. విత్తనపు గింజలు నమ్మడు.