బిడ్డ కదలిక తగ్గితే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు: యూకేలో మిడ్‌వైఫ్‌కి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

ఒక చెల్లెలు కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేసి పొద్దున ఇంటికొచ్చిందనుకోండి. ముప్పై రెండో వారం. రాత్రంతా పనిలో పడి గమనించలేదు గానీ, మంచం మీద వాలాక గుర్తొచ్చింది, నిన్న సాయంత్రం నుంచి బిడ్డ సరిగ్గా కదల్లేదని. ఊళ్లో అమ్మకి వీడియో కాల్ చేసింది. "నెలలు నిండేకొద్దీ లోపల చోటు తగ్గుతుందమ్మా, కదలిక కూడా తగ్గుతుంది, ఏం కాదులే" అందామె. భర్తేమో "ఎల్లుండి ఎలాగూ మిడ్‌వైఫ్ అపాయింట్‌మెంట్ ఉందిగా, అప్పుడు చెబుదాం" అన్నాడు.

ఇద్దరూ ప్రేమతోనే చెప్పారు. కానీ రెండు మాటలూ తప్పే.

నెలలు నిండితే బిడ్డ కదలిక తగ్గదు. కాన్పు మొదలయ్యే దాకా, కాన్పు నొప్పుల్లో కూడా బిడ్డ కదులుతూనే ఉండాలి. తగ్గిందనిపిస్తే ఎల్లుండి దాకా కాదు, మధ్యాహ్నం దాకా కూడా ఆగకూడదు. అప్పుడే ఫోన్ చేయాలి. యూకేలో గర్భిణులకి ఆ ఫోన్ ఎత్తే ఏర్పాటు రాత్రీ పగలూ ఉంది. దాన్ని వాడుకోవడానికి మనవాళ్లు మొహమాటపడుతున్నారు. ఆ మొహమాటం పోవాలనే ఈ వ్యాసం.

మిడ్‌వైఫ్ అంటే మంత్రసాని కాదు

మన దగ్గర ప్రతి చెకప్‌కీ గైనకాలజిస్ట్‌ని చూస్తాం, నెలనెలా స్కానింగ్ చేయించుకుంటాం. ఇక్కడ మామూలు గర్భాన్ని మొదటి నుంచి కాన్పు దాకా చూసేది మిడ్‌వైఫే. "నన్ను డాక్టర్ చూడట్లేదు, నర్సుతో సరిపెడుతున్నారు" అని చాలామంది బాధపడతారు. మిడ్‌వైఫ్ ఇందుకోసమే ప్రత్యేకంగా చదువుకుని, నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన మనిషి. ఏదైనా తేడా కనిపిస్తే డాక్టర్ దగ్గరికి పంపే బాధ్యత ఆమెదే. అంటే, మీరు చెప్పే మాట మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

గర్భం అని తెలియగానే జీపీ ద్వారా గానీ, నేరుగా దగ్గర్లోని ఆసుపత్రి మెటర్నిటీ వెబ్‌సైట్‌లో గానీ పేరు నమోదు చేసుకోండి. మొదటి అపాయింట్‌మెంట్‌ని 'బుకింగ్ అపాయింట్‌మెంట్' అంటారు. పది వారాల లోపు జరగాలి. మామూలుగా ఇచ్చే స్కాన్లు రెండే: 11 నుంచి 14 వారాల మధ్య ఒకటి, 18 నుంచి 21 వారాల మధ్య ఇంకొకటి. మొదటి కాన్పు అయితే మొత్తం పది దాకా అపాయింట్‌మెంట్లు ఉంటాయి, తర్వాతి కాన్పులకి ఏడు దాకా. ప్రతిసారీ బీపీ, మూత్రం చూస్తారు. అపాయింట్‌మెంట్ల మధ్య వారాల తరబడి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఏదైనా వస్తే మీ అంతట మీరే ఫోన్ చేయాలి.

బుకింగ్ రోజే దాచకుండా చెప్పాల్సినవి

ఆ రోజు బోలెడు ప్రశ్నలు అడుగుతారు. కొన్ని ఇబ్బందిగా అనిపిస్తాయి. ఏ ప్రశ్న వెనకైనా కారణం ఉంటుంది.

"మీరూ మీ ఆయనా బంధువులా?" అని అడుగుతారు. మేనమామనో, బావనో చేసుకుని ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. తప్పు పట్టడానికి కాదు అడిగేది. కొన్ని వంశపారంపర్య జబ్బుల ముప్పు ఉందేమో చూసి, అవసరమైతే జెనెటిక్స్ నిపుణుల దగ్గరికి పంపడానికి.

థైరాయిడ్, షుగర్, బీపీ, రక్తహీనత, టీబీ, ముందు పోయిన గర్భాలు, సిజేరియన్, మీ రక్తం నెగటివ్ గ్రూప్ కావడం, ఇవన్నీ చెప్పండి. అమ్మకో అక్కకో షుగర్ ఉన్నా చెప్పండి. దక్షిణాసియా వాళ్లకి గర్భంలో షుగర్ వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి, 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ తాగించి చేసే రక్తపరీక్ష మనవాళ్లకి ఇవ్వాలి. మీకు ఆ తేదీ రాకపోతే "నాకు షుగర్ టెస్ట్ ఎప్పుడు?" అని అడగండి.

సూట్‌కేసులో ఊరి నుంచి తెచ్చుకున్న మాత్రల స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లి చూపించండి. బ్రూఫెన్, కాంబిఫ్లామ్ లాంటివాటిలో ఐబుప్రోఫెన్ ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు డాక్టర్ చెప్పకుండా వాటిని వేసుకోకూడదు. కషాయాలు, ఆకుమందులు వాడుతున్నా చెప్పండి.

ఆగకుండా ఫోన్ చేయాల్సినవి

బిడ్డ కదలిక: 16 నుంచి 24 వారాల మధ్య కదలిక తెలియడం మొదలవుతుంది. 24 వారాలకీ తెలియకపోతే మిడ్‌వైఫ్‌కి చెప్పాలి. రోజుకి ఇన్నిసార్లు కదలాలన్న లెక్కేం లేదు. మీ బిడ్డకి ఒక అలవాటు ఉంటుంది. అది తగ్గినా, ఆగినా, మారినా వెంటనే ఫోన్. చల్లటి నీళ్లు తాగి, తీపి తిని చూద్దాం అని గంటలు గడపొద్దు. ఆన్‌లైన్‌లో కొన్న డాప్లర్ మిషన్‌లో చప్పుడు వినిపించిందని ఊరుకోవద్దు. అది మీ నాడి చప్పుడే కావచ్చు. ఆసుపత్రికి వెళితే బిడ్డ గుండె చప్పుడు చూస్తారు. 28 వారాలు దాటితే పొట్టకి బెల్ట్ కట్టి కాసేపు రికార్డు చేస్తారు. అంతా బాగుంటే ఇంటికి పంపేస్తారు. మర్నాడు మళ్లీ తగ్గితే మళ్లీ వెళ్లాలి. "నిన్ననే కదా వెళ్లాం" అనుకోవద్దు.

తలనొప్పి, చూపు, వాపు: 20 వారాలు దాటాక తీవ్రమైన తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, పక్కటెముకల కింద నొప్పి, వాంతులు, ముఖం, చేతులు, పాదాలు ఉన్నట్టుండి ఉబ్బడం. ఇవి ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో బీపీ పెరిగి తల్లికీ బిడ్డకీ ప్రమాదం తెచ్చే జబ్బు లక్షణాలు. "డ్యూటీలో నిలబడ్డా కదా, అందుకే వాపు" అని మీరే తేల్చేసుకోవద్దు. బీపీ చూస్తే గానీ తెలియదు.

దురద: మనవాళ్లు అస్సలు పట్టించుకోనిది ఇదే. దద్దుర్లు లేకుండా అరచేతులు, అరికాళ్లు దురద పెట్టడం, రాత్రిళ్లు నిద్ర పట్టనంతగా పెరగడం కాలేయానికి సంబంధించిన కొలెస్టాసిస్ అనే సమస్య కావచ్చు. యూకేలో మొత్తం మీద వెయ్యి మంది గర్భిణుల్లో సుమారు ఏడుగురికి వస్తే, భారత, పాకిస్తాన్ మూలాలున్న వాళ్లలో వెయ్యికి 12 నుంచి 15 మందికి వస్తుంది. బాగా ఎక్కువైతే బిడ్డకి ప్రమాదం. రక్తపరీక్షతో తేలుతుంది. "చలికి చర్మం ఎండిపోయింది" అని కొబ్బరినూనె రాసుకుని ఊరుకోవద్దు, చెప్పండి.

ఇంకా: రక్తం కనపడినా, ఉమ్మనీరు కారినట్టు అనిపించినా, జ్వరం వచ్చినా, మూత్రంలో మంట ఉన్నా, కడుపునొప్పి తగ్గకపోయినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా అదే రోజు ఫోన్ చేయాలి. ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం, ఫిట్స్, ఆగని రక్తస్రావం అయితే ఫోన్ సంప్రదింపులు వద్దు. నేరుగా 999.

మనసు బాగోకపోవడం కూడా ఆరోగ్య సమస్యే. ఏడుపు ఆగకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఇంట్లో కొట్టడం, బెదిరించడం, ఏదైనా చెప్పొచ్చు. కనీసం ఒక్కసారైనా భర్త లేకుండా మిమ్మల్ని ఒంటరిగా మాట్లాడించే ప్రయత్నం మిడ్‌వైఫ్ చేస్తుంది. ఆ సమయం అందుకే. భర్తని బయట కూర్చోమంటే అన్నయ్యలెవరూ నొచ్చుకోవద్దు, అందరినీ అలాగే అడుగుతారు.

ఎవరికి ఫోన్ చేయాలి, ఏమనాలి

మీ మెటర్నిటీ నోట్స్ మీద గానీ, ఆసుపత్రి ఇచ్చిన యాప్‌లో గానీ నంబర్లు ఉంటాయి. అందులో 24 గంటలూ పనిచేసేది 'మెటర్నిటీ ట్రయాజ్' లేదా 'మెటర్నిటీ అసెస్‌మెంట్' నంబర్. ఈ రోజే మీ ఫోన్‌లోనూ మీ ఆయన ఫోన్‌లోనూ సేవ్ చేసుకోండి. అది దొరక్కపోతే ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో 111కి చేయొచ్చు.

మనం మాట్లాడేటప్పుడు మొహమాటంతో "సారీ టు డిస్టర్బ్, స్మాల్ ప్రాబ్లం" అని మొదలుపెడతాం. అవతలివాళ్లు నిజంగానే అది చిన్నదనుకుంటారు. అలా కాకుండా ముందు వారం, తర్వాత సమస్య, ఎప్పటి నుంచి, ఆఖరున మీ భయం. ఈ వరసలో చెప్పండి:

"ఐ యామ్ థర్టీ టూ వీక్స్ ప్రెగ్నెంట్. మై బేబీ ఈజ్ మూవింగ్ లెస్ దేన్ యూజువల్. సిన్స్ యెస్టర్డే ఈవెనింగ్. ఐ యామ్ వర్రీడ్. ఐ వాంట్ టు బి చెక్డ్ టుడే."

ఈ నాలుగైదు వాక్యాలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకోండి. కంగారులో మాట తడబడినా చూసి చదవొచ్చు. ఎవరితో మాట్లాడారో పేరు, టైమ్, ఏం చెప్పారో రాసి పెట్టుకోండి.

ఇంగ్లీష్ రాకపోతే

"తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్" అనండి చాలు. ఎన్‌హెచ్‌ఎస్‌లో దుబాసీ ఉచితం, ఎక్కువగా ఫోన్ మీదే కలుపుతారు. బుకింగ్ రోజే చెబితే నోట్స్‌లో రాసుకుంటారు. భాష "ఇండియన్" అని గానీ "హిందీ" అని గానీ చెప్పొద్దు, "తెలుగు" అనే చెప్పండి. భర్త ఉన్నా కూడా దుబాసీని అడగండి. మధ్యలో భర్త ఉంటే కొన్ని మాటలు చెప్పలేం, కొన్ని ఆయనే తేలిక చేసి చెబుతాడు.

పట్టించుకోలేదనిపిస్తే

ఒక్కోసారి "ఇట్స్ నార్మల్" అని పంపేస్తారు. మీకు ఇంకా తేడాగానే ఉంటే అక్కడే అడగండి: "ఐ యామ్ స్టిల్ వర్రీడ్. కెన్ ఐ సీ ఎ సీనియర్ మిడ్‌వైఫ్ ఆర్ ఎ డాక్టర్?" ఇది గొడవ పెట్టుకోవడం కాదు, మీ హక్కు. "ఎందుకు నార్మల్ అంటున్నారు? ఏది జరిగితే మళ్లీ రావాలి?" అని కూడా అడగండి. ఇంటికొచ్చాక లక్షణం పెరిగితే మళ్లీ ఫోన్ చేయండి. తర్వాత ఫిర్యాదు చేయాలనుకుంటే ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో పాల్స్ అనే విభాగం సాయం చేస్తుంది.

డ్యూటీ పోతుందన్న భయం

లక్షణాలు తెలిసి కూడా ఫోన్ చేయని వాళ్లలో చాలామందిని ఆపేది మేనేజర్ భయం, స్పాన్సర్ భయం. కాబట్టి ఈ సంగతులు తెలుసుకోండి.

మీ ఆరోగ్య వివరాలు మీ అనుమతి లేకుండా మిడ్‌వైఫ్ మీ యజమానికి చెప్పదు. ఉద్యోగులకి గర్భిణి చెకప్‌లకి జీతంతో టైమ్ ఇవ్వాలి, అది చేరిన మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. భర్త రెండు అపాయింట్‌మెంట్లకి రావడానికి టైమ్ తీసుకోవచ్చు గానీ, దానికి జీతం ఇవ్వాలన్న రూల్ లేదు.

గర్భవతినని రాతపూర్వకంగా చెప్పాక యజమాని మీ పనిలో ఉన్న ప్రమాదాలు చూసి తగ్గించాలి. బరువైన మనుషుల్ని లేపడం, గంటల తరబడి నిలబడటం ఇందులోకి వస్తాయి. ఈ పనుల గురించి మిడ్‌వైఫ్‌కి కూడా చెప్పండి. రాత్రి డ్యూటీ మీ ఆరోగ్యానికి మంచిది కాదని డాక్టర్ గానీ మిడ్‌వైఫ్ గానీ సర్టిఫికెట్ రాస్తే, యజమాని పగటి డ్యూటీ ఇవ్వాలి. అది కుదరకపోతే పూర్తి జీతంతో పనికి దూరంగా ఉంచాలి.

గర్భం వల్ల ఉద్యోగం తీసేయడం చట్టవిరుద్ధం. స్పాన్సర్ వీసాలో నాలుగు వారాలకి మించి జీతం లేని సెలవు పెట్టకూడదన్న నిబంధన ఉంది గానీ, చట్టబద్ధమైన ప్రసూతి సెలవు ఆ లెక్కలోకి రాదు. పనిచోట ఇబ్బంది పెడితే ఏకాస్ అనే ప్రభుత్వ సంస్థ ఫోన్‌లో ఉచితంగా సలహా ఇస్తుంది. మెటర్నిటీ యాక్షన్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా గర్భిణుల హక్కుల మీద సలహా ఇస్తుంది.

బిల్లు వస్తుందా?

హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా వాళ్లకి హెల్త్ సర్‌చార్జి మినహాయింపు ఉంది. మిగతా వర్క్ వీసాల వాళ్లు వీసాతోపాటే అది కట్టేశారు. ఈ రెండు రకాల వాళ్లకీ, డిపెండెంట్లకీ ఎన్‌హెచ్‌ఎస్‌లో ప్రసూతి వైద్యం ఉచితం. ఎన్నిసార్లు ట్రయాజ్‌కి వెళ్లినా బిల్లు రాదు. ఇంగ్లండ్‌లో మిడ్‌వైఫ్‌ని అడిగితే మందులు ఉచితంగా వచ్చే మెటర్నిటీ సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేస్తుంది.

విజిటర్ వీసా మీద వచ్చిన వాళ్లకి మాత్రం బిల్లు వేస్తారు, అది చిన్నది కాదు. అయినా డబ్బు కట్టలేదని ప్రసూతి వైద్యం ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు. బిల్లుకి భయపడి చెకప్‌లు మానేయొద్దు. వాయిదాల్లో కడతామని ఆసుపత్రితో మాట్లాడండి. కట్టకుండా వదిలేసిన బాకీ తర్వాత వీసా దరఖాస్తుకి అడ్డం రావచ్చు.

ఇంట్లో వాళ్లకి ఒక మాట

ఊళ్లో ఉన్న అమ్మలకీ, అత్తమ్మలకీ: మీ అనుభవం గొప్పదే. కానీ వీడియో కాల్‌లో బీపీ కనపడదు, బిడ్డ గుండె చప్పుడు వినపడదు. అమ్మాయి "ఏదో తేడాగా ఉందమ్మా" అంటే "ఏం కాదులే" అనే బదులు "ముందు మిడ్‌వైఫ్‌కి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు చెయ్యి" అనండి.

మొదట్లో చెప్పుకున్న చెల్లెలు కూడా నిద్ర పక్కనపెట్టి అదే చేయాలి. ఆసుపత్రికి వెళ్లి అంతా బాగుందని తేలితే ఒక పూట నిద్ర పోతుంది, అంతే. "అనవసరంగా వచ్చావు" అని మిడ్‌వైఫ్ అనదు. ఇలాంటప్పుడు రమ్మనే వాళ్లు చెప్పేది.