ఉబ్బసానికి మూలం పరుపులో ఉన్నదా?

మృగశిర కార్తె వచ్చినదంటే నాదర్‌గుల్‌లోని మా ఇంట భయం మొదలయ్యేది. పగలంతా చక్కగా ఆడుకొన్న మా మనుమడు తెల్లవారుజామున లేచి కూర్చుని, దిండును ఒడిలో పెట్టుకొని, పిల్లికూతలతో ఊపిరికై పెనుగులాడేవాడు. పెరుగు మానిపించాము, అరటిపండు మానిపించాము. ఆయాసం మాత్రం మానలేదు. చివరకు చర్మంపై సూదిమొనతో చేసే అలర్జీ పరీక్షలో కారణం తేలినది. అది వాడు తినే తిండి కాదు. వాడు పడుకొనే, మా అమ్మ నాటి దూది పరుపు.

ఏటా మృగశిర నాడు చేప ప్రసాదానికై హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి వేలాదిగా వచ్చే వారిని చూస్తే, ఈ వ్యాధి ఎందరిని పీడిస్తున్నదో తెలుస్తుంది. వారిలో ఎందరు తమ పరుపును అనుమానించి ఉంటారు?

ధూళిలో దాగిన జీవి

ఇంటి ధూళిలో ఉండే ధూళి నల్లి పరిమాణం సుమారు 0.3 మిల్లీమీటర్లు. ఇది మంచాలలో కనిపించే నల్లి కాదు. కుట్టదు, రక్తం త్రాగదు. మన చర్మం నుండి రాలే పొట్టే దీని ఆహారం. గాలిలోని తేమను శరీరంతో గ్రహించి బ్రతుకుతుంది. కనుకనే వానాకాలంలో వృద్ధి పొందుతుంది. ధూళి అలర్జీకి ఈ జీవియే ముఖ్యకారణమని 1960వ దశకంలో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా నిరూపించారు.

రక్షక కణాల పొరపాటు

నల్లి విసర్జనలో ‘డెర్ పి 1’ అనే ఎంజైము ఉంటుంది. ఇది శ్వాసనాళపు లోపలి పొరలోని కణాల మధ్య అతుకులను తెంచి లోనికి చొరబడుతుంది. అక్కడ కావలి కాసే డెండ్రిటిక్ కణాలు దాని తునకలను లింఫు గ్రంథులకు మోసుకొనిపోయి టి కణాలకు చూపుతాయి. అలర్జీ తత్త్వం గలవారిలో ఆ టి కణాలు, హాని చేయని ధూళిని శత్రువుగా ఎంచి, ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేతాలను పంపుతాయి. ఆ సంకేతాలు అందుకొన్న బి కణాలు ‘ఐజిఇ’ ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. ఇవి మాస్ట్ కణాలపై అతుక్కొని వేచి ఉంటాయి. ఇంతవరకు రోగికి ఏమీ తెలియదు.

మరల ధూళి తగలగానే నిమిషాలలో మాస్ట్ కణాలు హిస్టమిన్, ల్యూకోట్రయీన్లను వెదజల్లుతాయి. నాళపు కండరాలు బిగుసుకొంటాయి, కఫం ఊరుతుంది. కొన్ని గంటలకు, ఐఎల్-5 పిలుపుతో పోగైన ఇయోసినోఫిల్ కణాలు వాపును పెంచుతాయి. ఆయాసం తగ్గినట్లుండి మరల తిరగబెట్టడానికి ఇదొక కారణం.

చరకుని మాట

చరక సంహిత చికిత్సాస్థానంలోని 17వ అధ్యాయం శ్వాసవ్యాధికి కారణాలలో ధూళిని, పొగను పేర్కొన్నది. తమక శ్వాస రోగికి కూర్చుంటే ఉపశమనమని, మబ్బు పట్టినప్పుడు, చలిలో బాధ అధికమని కూడ చెప్పినది. చరకుడు నల్లిని చూచెనని నేననను; కాని రోగిని మాత్రం నిశితంగా చూచాడు. కారణాన్ని వర్జించుటయే మొదటి చికిత్స అన్న ఆయుర్వేద సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఇంట చేయదగినవి

దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకాలి. పరుపులను మండుటెండలో వేస్తే నల్లులు చస్తాయి. కాని వాటి విసర్జన మిగిలే ఉంటుంది కనుక దులపడం తప్పనిసరి. ఆ పని రోగి చేయరాదు. పరుపుకు, దిండుకు దగ్గరి నేత గల తొడుగులు వేయాలి. చీపురుకు బదులు తడిగుడ్డ వాడాలి. పడకగదిలో సాంబ్రాణి పొగ, దోమల చుట్టలు వద్దు.

తేనెతో అల్లపురసం, తులసి కషాయం గొంతుకు హాయినిస్తాయి. ఏడాది నిండని శిశువుకు తేనె తగదు. ఇవి పైన చెప్పిన కణాల కలహాన్ని ఆపలేవు. కనుక వైద్యుడిచ్చిన ఇన్‌హేలర్‌ను సొంతంగా మానరాదు. మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలివర్ణం దాల్చినా తక్షణమే ఆసుపత్రికి చేర్చాలి.

అమ్మ పరుపును వదులుకొనడానికి నాకు మనసొప్పలేదు. అయినా తీసివేశాను. మనుమడికి ఇన్‌హేలర్ నేటికీ ఉన్నది. కాని గడచిన వానాకాలంలో చాలా రాత్రులు వాడు తెల్లవారేవరకు పడుకొనే ఉన్నాడు.