చమురు ఫిల్టరు: డబ్బా లోపల ఏమున్నది?

మిషిగన్ రాష్ట్రంలో ఒక తెలుగువారి ఇంటి గరాజులో రెండు కార్లున్నాయి. ఒకటి తండ్రిది, 2005 మోడల్ నాలుగు సిలిండర్ల టొయోటా క్యామ్రీ. రెండవది కొడుకు వేసవి సెలవులలో పనిచేసి కూడబెట్టుకున్న డబ్బుతో కొన్న 1994 మోడల్ మాజ్దా మియాటా. రెండే సీట్లు, వెనక్కి మడిచివేయగల పైకప్పు, చిన్న ఇంజను, కుర్రవాడికి ప్రాణం. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. రాత్రంతా నిలిపి ఉంచి ఉదయం స్టార్టు చేయగానే ఇంజను నుంచి కుట్టుమిషను నడిచినట్లు టకటకమని చప్పుడు వస్తుంది. నాలుగైదు క్షణాల తరువాత సద్దుమణుగుతుంది.

నూనె మార్చవలసిన రోజు వచ్చింది. క్యామ్రీ కోసం కొన్న ఫిల్టరు ఒకటి అలమరలో మిగిలి ఉంది. "రెండూ చూడడానికి ఒకేలా ఉన్నాయి. ఇది సరిపోదా, నాన్నా?" అని కొడుకు అడిగాడు. సరిపోతుందనే తండ్రి కూడా అనుకున్నారు. ఆయనకు కారు నూనె మార్చడంలో ఇరవయ్యేళ్ళ అనుభవం ఉంది. ఫిల్టరు లోపల ఏమి ఉంటుందో చూడవలసిన అవసరం మాత్రం ఏనాడూ కలగలేదు. చాలా ఇళ్ళలో పరిస్థితి ఇదే.

మోటారు కార్లు వచ్చిన తొలినాళ్ళలో ఈ వడపోత అనేదే లేదు. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లండ్, జార్జి గ్రీన్‌హాల్ష్ అనే ఇద్దరు తయారుచేసిన ప్యూరొలేటర్‌తో కార్లకు నూనె ఫిల్టరు వచ్చింది. ఆ నాటి ఫిల్టర్లు ప్రవహించే నూనెలో కొంత భాగాన్ని మాత్రమే వడపోసేవి. పంపు నుంచి వచ్చే నూనె అంతా బేరింగులకు చేరకముందే ఫిల్టరు గుండా పోయే పద్ధతి తరువాతి కాలంలో స్థిరపడింది. చేతితో తిప్పి బిగించి, పని తీరాక డబ్బాతో సహా పారవేసే ఫిల్టరు 1950లలో వచ్చింది. మియాటాకు గాని, ఆ క్యామ్రీకి గాని ఉన్నది ఈ రకమే.

డబ్బా అడుగుపళ్ళెం చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. నడుమ మరలున్న పెద్ద రంధ్రం ఒకటి ఉంటుంది. నూనె చుట్టూ ఉన్న రంధ్రాల ద్వారా లోనికి వచ్చి, మడతలు మడతలుగా ఉన్న కాగితం గుండా బయటి నుంచి లోపలికి చొచ్చుకొని, నడిమి రంధ్రం ద్వారా ఇంజనులోకి తిరిగి పోతుంది. మియాటాలో పట్టే నూనె సుమారు 4 లీటర్లు. ఇంజను జోరుగా తిరిగేటప్పుడు ఆ నూనె మొత్తం నిమిషానికి కొన్నిసార్లు ఈ కాగితాన్ని దాటవలసి ఉంటుంది. మామూలు కారుకూ స్పోర్ట్సు కారుకూ తేడా ఇక్కడే మొదలవుతుంది. క్యామ్రీ ఇంజను రోజులో ఎక్కువ సమయం నిమిషానికి రెండు, మూడు వేల చుట్లతో సరిపెట్టుకుంటుంది. మియాటా యజమానికి మాత్రం ఏడు వేల దరిదాపులకు పోనిదే తృప్తి ఉండదు.

ఇంజను బేరింగులకు శత్రువు ఎంత నలుసు? మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. భారం మోస్తున్న బేరింగులో నూనె పొర అన్నిటికంటె పలుచబడిన చోట దాని మందం ఒకటి నుంచి కొన్ని మైక్రాన్లు మాత్రమే. ఆ పొర కంటె కొంచెం పెద్దవై, సందులో దూరగలిగే నలుసులే లోహాన్ని గీరివేస్తాయి. అంటే 5 నుంచి 20 మైక్రాన్ల మధ్య ఉన్నవన్నమాట. కంటికి కనిపించే ఇసుక రేణువు కంటె కంటికి కనిపించనిదే ఎక్కువ అపకారి.

అయితే సన్నని రంధ్రాలున్న కాగితం పెడితే సరిపోదా? తెలుగువారి వంటింట్లోని కాఫీ ఫిల్టరు ఈ ప్రశ్నకు జవాబు చెబుతుంది. పొడి మరీ మెత్తగా ఉంటే, దానిపై గట్టిగా అదిమితే, డికాక్షను దిగదు. కాఫీకైతే ఆగవచ్చు, తిరుగుతున్న ఇంజను నూనె కోసం ఒక్క క్షణం కూడా ఆగలేదు. అందుచేత ఇటువంటి ఫిల్టర్లలో ఒక ఉపకవాటం అమర్చుతారు. కాగితానికి అటూ ఇటూ పీడనంలో తేడా ఒక హద్దు దాటితే ఆ కవాటం తెరుచుకొని, వడకట్టని నూనెనే ఇంజనుకు పంపుతుంది. ఆ హద్దు ఫిల్టరును బట్టి సుమారు 8 నుంచి 22 పి.ఎస్.ఐ. వరకు ఉంటుంది. మురికి నూనె దొరకడం అసలు నూనె దొరకకపోవడం కంటె మేలు కదా! కొన్ని ఇంజన్లలో ఈ కవాటం ఫిల్టరులో కాక ఇంజనులోనే ఉంటుంది. మిషిగన్ చలికాలపు ఉదయాన చిక్కబడిన నూనెతో ఇంజనును ఐదు వేల చుట్లకు ఎక్కిస్తే, ఎంత ఖరీదైన ఫిల్టరైనా పక్కదారి తెరిచి కూర్చుంటుంది.

పెట్టెలపై రాసే అంకెలను కొంచెం జాగ్రత్తగా చదవాలి. "99 శాతం" అన్నంత మాత్రాన చాలదు, ఎన్ని మైక్రాన్ల దగ్గర అన్నది ముఖ్యం. 20 మైక్రాన్ల వద్ద 99 శాతం పట్టే ఫిల్టరూ, 40 మైక్రాన్ల వద్ద 99 శాతం పట్టే ఫిల్టరూ ఒకటి కావు. ఐ.ఎస్.ఓ. 4548-12 అనే పరీక్షలో నలుసులు కలిపిన నూనెను పదే పదే ఫిల్టరు గుండా పంపి, ముందు ఎన్ని నలుసులున్నాయో వెనుక ఎన్ని మిగిలాయో లెక్కిస్తారు. ఈ రెండింటి నిష్పత్తినే బీటా అంటారు. ఒక పరిమాణం వద్ద బీటా 2 అంటే రెండింటిలో ఒక నలుసు దాటిపోయింది, ఫలితం 50 శాతమే. బీటా 75 అయితే 98.7 శాతం. పరీక్ష పేరు గాని, మైక్రాన్ల సంఖ్య గాని లేని అంకె అలంకారానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

వడపోత కాగితం సాధారణంగా కలపగుజ్జు నుంచి వచ్చిన సెల్యులోజు. వేడి నూనెలో మెత్తబడి చిరగకుండా దానికి ఫినాలిక్ రెజిన్ పట్టించి వేడితో గట్టిపరుస్తారు. సెల్యులోజు పోగులు లావుగా, వంకరటింకరగా ఉంటాయి. ఖరీదైన ఫిల్టర్లలో వాడే గాజు పోగులు కొన్ని మైక్రాన్లకు మించవు. పోగు సన్నగా ఉన్నకొద్దీ అదే చోట ఎక్కువ రంధ్రాలు, చిన్న రంధ్రాలు సాధ్యమవుతాయి. ప్రవాహానికి అడ్డు పెరగకుండానే నలుసు ఆగుతుంది. మడతల చివరలను అట్టతో మూశారా, రేకుతో మూశారా అని కార్ల అభిమానులు గంటల తరబడి వాదించుకుంటారు. అట్టా, రేకా అన్నదాని కంటె మడతలకూ మూతకూ మధ్య జిగురు సందు లేకుండా అతికిందా అన్నదే అసలు సంగతి.

ఫిల్టరు చేయలేని పని ఒకటుంది. పెట్రోలు మండగా వచ్చే మసి తొలి రేణువులు మైక్రానులో ఇరవయ్యవ వంతు కూడా ఉండవు. నూనెలో కలిపిన రసాయనాలు వాటిని ముద్దకట్టనీయకుండా విడివిడిగా తేలుస్తూ ఉంచుతాయి. అవి కాగితాన్ని సులువుగా దాటిపోతాయి. నూనెలో పుట్టే ఆమ్లాలకు కూడా కాగితం విరుగుడు కాదు. ఆ పని కాల్షియం లవణాల వంటి క్షారగుణం గల పదార్థాలది. అవి ఖర్చయిపోతే నూనె మార్చవలసిందే. మంచి ఫిల్టరు వేశాము గనుక నూనె మరో ఏడాది నడుస్తుందనుకోవడం పొరపాటు.

ఇక ఉదయపు టకటక సంగతి. ఈ తరం మియాటాలో ఫిల్టరు ఇంజను పక్కన, ఇన్‌టేక్ గొట్టాల కింద, చెయ్యి కష్టం మీద దూరే చోట, దాదాపు అడ్డంగా పడుకొని ఉంటుంది. నిలువుగా నోరు పైకి పెట్టిన డబ్బాలో నూనె తనంతట తానే నిలుస్తుంది. అడ్డంగా పెట్టిన దానిలో నుంచి, ఇంజను ఆగాక, మెల్లగా వెనక్కి కారిపోతుంది. అలా కారకుండా అడుగుపళ్ళెం లోపలివైపు రంధ్రాలను కప్పుతూ ఒక రబ్బరు పళ్ళెం ఉంటుంది. అది పాడైతే డబ్బా రాత్రికి రాత్రే ఖాళీ అవుతుంది. ఉదయం పంపు ముందుగా డబ్బాను నింపి, ఆ తరువాతే పైభాగానికి నూనె పంపాలి. 1994 మియాటాలో వాల్వుల సందును సరిచూసేవి నూనె పీడనంతో పనిచేసే చిన్న లిఫ్టర్లు. వాటికి నూనె అందేవరకు ఆ టకటక తప్పదు. పాత నూనె, అరిగిన లిఫ్టర్లు కూడా ఇదే చప్పుడు చేస్తాయి గనుక తప్పంతా ఫిల్టరుదే అనలేము. కాని అన్నిటికంటె చవకైన అనుమానితుడు అదే.

ఆ రబ్బరు పళ్ళెం చవక ఫిల్టర్లలో నైట్రైల్ రబ్బరుతో చేస్తారు. ఇది ఎక్రిలోనైట్రైల్, బ్యూటడయీన్ అనే రెండు పదార్థాల గొలుసు. ఎక్రిలోనైట్రైల్ వల్ల నూనెను తట్టుకుంటుంది. బ్యూటడయీన్ భాగంలో మాత్రం ద్విబంధాలు మిగిలి ఉంటాయి. 100, 120 డిగ్రీల సెల్సియస్ వేడిలో గాలిలోని ఆక్సిజన్ వాటిపై పనిచేసి, పక్కపక్క గొలుసులను ఒకదానికొకటి ముడివేస్తుంది. ముడులు పెరిగినకొద్దీ రబ్బరు సాగే గుణం పోయి, ఎండిన నారింజ తొక్కలా బిరుసెక్కుతుంది. ఇక పళ్ళెం రంధ్రాలకు అంటుకోదు. సిలికోను రబ్బరు వెన్నెముకలో కార్బన్ గొలుసు లేదు. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకటి విడిచి ఒకటిగా ఉంటాయి. ఆ బంధం దృఢమైనది, ద్విబంధాల బెడద లేదు. సుమారు 200 డిగ్రీల వరకు, గడ్డకట్టే చలిలో కూడా మెత్తగానే ఉంటుంది. సులభంగా చిరుగుతుంది, నూనెలో కొంత ఉబ్బుతుంది. అయినా కదలకుండా కూర్చునే ఈ పనికి చక్కగా సరిపోతుంది. అడ్డంగా ఉండే ఫిల్టరుకు ఇంకేమి ఉన్నా లేకపోయినా సిలికోను పళ్ళెం ఉన్నదే కొనాలి. రంగు చూసి మోసపోకూడదు, పెట్టెపై మాట చదవాలి.

ఇప్పుడు అలమరలోని క్యామ్రీ ఫిల్టరు దగ్గరకు వద్దాం. మియాటా స్టడ్ మెట్రిక్ కొలతది: వ్యాసం 20 మిల్లీమీటర్లు, మరకూ మరకూ దూరం 1.5 మిల్లీమీటర్లు. టొయోటాది జపాను కారే అయినా ఫిల్టరు మరలు అంగుళాల లెక్కలో ఉంటాయి: వ్యాసం ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు, అంగుళానికి 16 మరలు, అంటే దూరం 1.59 మిల్లీమీటర్లు. క్యామ్రీ ఫిల్టరు మియాటాకు ఎక్కదు. బలవంతం చేస్తే మరలు తెగుతాయి. అది చికాకే గాని ప్రమాదం కాదు. అసలు ప్రమాదం తిరకాసుగా ఉంది. మియాటా ఫిల్టరును క్యామ్రీకి పెడితే ఎక్కుతుంది! కొంచెం వదులుగా ఊగినా, తిప్పగా తిప్పగా బిగిసినట్లే తోస్తుంది. నిజానికి మరలు ఒకదానినొకటి పట్టుకున్న లోతు ఒక్కొక్క వైపు మిల్లీమీటరులో మూడవ వంతు మాత్రమే. గ్యాస్కెట్ వ్యాసం 63 మిల్లీమీటర్లు అనుకుంటే, 60 పి.ఎస్.ఐ. పీడనం ఆ డబ్బాను బయటికి నెట్టే బలం సుమారు 130 కిలోల బరువుకు సమానం. ఫిల్టరు ఊడిందంటే హైవే మీద నిమిషంలోపు నూనె అంతా నేల పాలవుతుంది; ఇంజను పట్టేస్తుంది.

కాబట్టి కారు కంపెనీది కాని ఫిల్టరు కొనేటప్పుడు ముందు మర, తరువాత గ్యాస్కెట్ కొలత, తరువాత ఉపకవాటం చూడాలి. కాగితం గొప్పతనం ఆ తరువాత. పొడుగు డబ్బా పెడితే మురికి పట్టే చోటు పెరుగుతుంది, తగిలే అడ్డు లేకపోతే తప్పు లేదు. కొత్త కారు యజమానులను వారంటీ పోతుందని భయపెట్టేవారుంటారు. 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప లేదా ప్రభుత్వం నుంచి ప్రత్యేక అనుమతి పొందితే తప్ప, తమ ఫిల్టరే వాడాలని వారంటీకి షరతు పెట్టడం కుదరదు.

తండ్రీకొడుకులు దుకాణానికి వెళ్ళి, సిలికోను పళ్ళెం ఉన్న సరైన ఫిల్టర్లు రెండు కొన్నారు. పాతది విప్పినప్పుడు దాని గ్యాస్కెట్ ఇంజనుకే అంటుకొని ఉండిపోలేదు కదా అని వేలితో తడిమి చూసుకున్నారు. రెండు గ్యాస్కెట్లు ఒకదానిపై ఒకటి పడితే అదీ నూనె వరదకు దారే. కొత్త గ్యాస్కెట్‌కు నూనె రాసి, అది తాకిన తరువాత పెట్టెపై చెప్పినట్లు ముప్పావు చుట్టు చేతితోనే బిగించారు. పాత డబ్బాను కోసి మడతలు విప్పి చూస్తే నల్లటి మసి, అయస్కాంతానికి అంటుకున్న చిటికెడు పొడి కనిపించాయి. రాగి రంగు మెరుపు మాత్రం లేదు, అంటే బేరింగులు క్షేమం. రబ్బరు పళ్ళెం వంచగానే పుటుక్కున విరిగింది.

మరునాటి ఉదయం టకటక వినిపించింది, ఒక క్షణం పాటు. మిగిలిన ఫిల్టరు పెట్టెను అలమరలో పెట్టేముందు తండ్రి మార్కరు తీసుకొని నాలుగు వైపులా తెలుగులో పెద్ద అక్షరాలతో రాశారు: "అబ్బాయి కారుది. క్యామ్రీకి కాదు."